ఆరున్నర కొలత

ముఖం తర్వాత చూశాను.
ముందు చేతులే.
పేచ్ పట్నంలో మూడు తరాలుగా చేతితొడుగులు కుట్టిన ఇల్లు మాది,
మనిషి ఎదురైతే నా కళ్ళు మణికట్టు దగ్గరే ఆగిపోతాయి.
మేకపిల్ల తోలు, బూడిద రంగు, ఒక్క ముత్యపు గుండీ.
ఆరున్నర కొలత.
షిల్కా నది ఒడ్డున, సగం మట్టిలో పూడిన మా కొట్టం తలుపు
ఆ చేతులే తోసుకుని వచ్చాయి.

కౌంటెస్ ఎటెల్కా, అన్నాడు రష్యా కాపలావాడు.
మిగతా బిరుదులు నోరు తిరక్క దగ్గేశాడు.
పై అరలోంచి ఎవడో,
"వచ్చిందిరా అత్తరుబుడ్డి,
మన పేలకి పూసి పోతుంది!"
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు.

నిజంగానే ఆవిడకేమీ తెలీదు.
రొట్టె ధర తెలీదు, సమోవార్ ముట్టించడం తెలీదు.
మొదటి రోజంతా అధికారుల బారకులోనే టీ తాగింది.
వాళ్ళకి పియానో ఉండేది,
మాకు టైఫస్ ఉండేది.
మా దగ్గర వాసనకి తట్టుకోలేక
గుమ్మం బయటికి పరిగెత్తి వాంతి చేసుకుంది.
మంచు పిడికెడు తీసి నోరు కడుక్కుని
మళ్ళీ లోపలికొచ్చింది.

ఆ మళ్ళీ దగ్గర ఆగింది మా నవ్వు.

తొడుగులు విప్పి సంచిలో పడేసింది, పెన్సిల్ జారుతోందట.
పద్దెనిమిది వందల మందిమి.
ఒక్కొక్కడి పక్కనా గడ్డిలో మోకాళ్ళూని
ఒకటే అడిగింది: "నీకోసం ఎవరు చూస్తుంటారు?"
అమ్మ అన్నారు. పెళ్ళాం అన్నారు.
ఒకడు తన ఆవు పేరు చెప్పాడు.
అదీ రాసుకుంది.

నా వంతుకి, ఎవరూ లేరన్నాను.
పెన్సిల్ కదల్లేదు.
సరే కానిమ్మని వెటకారంగా చెప్పాను:
నోటరీ బెర్నాత్ గారి భార్య చూస్తుంటుంది,
పద్నాలుగో సంవత్సరం జూలైలో ఒక జత కత్తిరించాను,
కుడిది కుట్టాను, ఎడమది కుట్టకుండానే పిలుపొచ్చింది.
ఆవిడ నవ్వలేదు. వీధి పేరడిగింది.

ఏడు నెలలకి జాబు.
"తొందరేం లేదు. కుడిది మీ దుకాణంలోంచి తెచ్చుకున్నాను.
ఎడమ చెయ్యి జేబులో పెట్టుకు తిరుగుతున్నాను."
ఆ కాగితం చొక్కాలో దోపుకుని రెండు చలికాలాలు దాటాను.
శిబిరం లెక్కల్లో మాత్రం
రొట్టె తిని బతికానని రాశారు.

దుప్పట్ల కోసం గవర్నరు గుమ్మంలో మూడు రోజులు నిలబడిందని విన్నాను.
తాతల బిరుదులు అప్పటికి ఒకందుకు పనికొచ్చాయి.
నేను కళ్ళారా చూసింది ఇది:
నేల తవ్వడానికి లొంగని జనవరిలో
కట్టెల్లా పేర్చిన శవాల మధ్య
ఒక్కొక్క మెడలోని ఇత్తడి డబ్బీ తెరిచి
పేరు చదివి రాసుకుంటోంది.
తొడుగుల చేతికి ఆ మూత రాదు.
ఆ చలిలో లోహానికి అంటుకున్న చర్మం
ఇక లోహానిదే.

తర్వాత ఎవరో పటం మీద గీత గీశారు.
ఆవిడ అడవీ మిల్లూ గుర్రాలూ గీత కవతల పడ్డాయి.
ఇరవై నాలుగులో, వాన కురిసే మధ్యాహ్నం,
గొడుగు దులుపుకుంటూ నా దుకాణంలోకొచ్చి
"అన్నిటికన్నా చవకవి చూపించండి" అంది.
అద్దెగదిలో ఉంటోందట. పిల్లలకి ఫ్రెంచి చెబుతోందట.
రొట్టె ధర ఇప్పుడు నాకన్నా బాగా తెలుసు.

ముఖం చూడకుండానే టేపు చుట్టాను.
ఏడు. కణుపులు వాచి ఉన్నాయి.
ఎడమ చేతికి చిటికెనవేలు లేదు.
"ఐదు వేళ్ళవే కుట్టండి," అంది,
"ఖాళీ దాంట్లో దూది కుక్కుకుంటాను.
చూసినవాళ్ళకి కథ చెప్పే ఓపిక లేదు."

డబ్బు వద్దంటే వినలేదు.
రసీదు మీద నా సంతకం చూసి
చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.
గొడుగు తీసుకుంది. తలుపు దాకా వెళ్ళి
మళ్ళీ వచ్చింది.

"నోటరీ గారి భార్యకి
ఎడమది కుట్టేశారా?"